ఎదురు జీపు

మా బావ పోయిన మరుసటి రోజు మార్కాపురంలో ఫ్లెక్సీలు కొట్టే అతను ఫోన్ చేశాడు. ఫొటో బాగా వచ్చిందట, పేరు కూడా సరిచూసుకున్నాడట. పేరు కింద ఏం వేయాలో మాత్రం తెలియలేదట. "రిటైర్డు టీచరా సార్, రైతా, వ్యాపారమా? ఏదో ఒకటి పెట్టాల గదా" అన్నాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని అక్కను అడిగాను. గోడకు ఆనుకుని కూర్చున్న అక్క తల కూడా తిప్పలేదు. "జిరాక్సు షాపు కేశవులు అని వేయించు. ఊర్లో అందరికీ అట్లనే తెలుసు" అంది. అట్లాగే వేయించాను. ఆ ఫ్లెక్సీ కట్టాక కాసేపు దాని కింద నిలబడ్డాను. రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ జిరాక్సు షాపుకు ముందు మా బావ ఇంకో పని చేశాడు. మూడు ఊళ్లలో ఉన్న మూడు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా ప్రోగ్రాము రాశాడు. ఆయన బతికి ఉన్నంతకాలం ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తితే నొచ్చుకునే మనిషి లేడు.

అప్పుడు అక్కా బావా గిద్దలూరులో ఒక నర్సింగ్ హోము వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లు. డిగ్రీ మధ్యలో మానేసిన నేను, ఏదో ఒక దారి దొరికేదాకా అని వెళ్లి అక్కడే ఉండిపోయాను. ఆ ఇంటికి రెండు వాసనలు. తెల్లవారగానే ఆస్పత్రి వైపు నుంచి ఫినాయిలు, స్పిరిటు వాసన వచ్చి గదులు నింపేది. అక్క పెనం మీద జొన్న రొట్టె వేసి, రోట్లో పచ్చిమిరపకాయలు నూరడం మొదలుపెట్టాక గానీ అది వెనక్కి తగ్గేది కాదు. బావ రొట్టె చేత్తో పట్టుకునే కంప్యూటరు ముందు కూర్చునేవాడు. తునకలు కీబోర్డు మీద రాలేవి. "ఆ మిషన్‌కు కూడా ఒక రొట్టె కాల్చి పెట్టేదా?" అని అక్క వంటింట్లోంచే అరిచేది. "దానికి కారం పడదే" అనేవాడు బావ. పేరుకు ఆయన ఉద్యోగం ఆస్పత్రి బిల్లులు కొట్టడం. డిప్లొమా చదివి వచ్చాడు గనక కంప్యూటరుకు సంబంధించినది ఏదైనా ఆయన నెత్తినే పడేది.

నా లోకం వేరు. శాఖా గ్రంథాలయం తలుపు తీసే వేళకు నేను మెట్ల మీద ఉండేవాణ్ణి. ఎవరో ఉద్యోగస్తుడు బదిలీ మీద పోతూ అక్కడ వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాలు ఒక ఇనుప బీరువాలో ఉండేవి. వాటిలో అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి, దూరదూరంగా ఉన్న కంప్యూటర్లు కలిసి ఒకే పని ఎలా చేయాలో చెప్పేది. నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకి ఒక పూట చొప్పున చదివాను. ఏ కాలేజీలోనూ కూర్చోకుండా, ఆ చెక్క బల్ల మీదే నేర్చుకున్నానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఆ పుస్తకం నుంచి నాకు దక్కిన మొదటి సంగతి చాలా చిన్నది. పక్క ఊరి యంత్రం నుంచి జవాబు రాకపోతే, అది చెడిపోయిందో, బాగానే ఉండి దాని మాట దారిలో చిక్కుకుందో ఇవతలి యంత్రానికి తెలిసే మార్గం లేదు. పక్క ఊరి గురించి మన దగ్గర ఉన్న లెక్క ఎప్పుడూ పాత ఉత్తరం లాంటిదే. సాయంత్రం ఇంటికి వచ్చి ఇవన్నీ బావకు చెప్పేవాణ్ణి. ఆయన రాసేవాడు, నేను చదివి చెప్పేవాణ్ణి. మా ఇద్దరి పొత్తు అట్లా కుదిరింది.

డాక్టరు గారికి గిద్దలూరు, కంభం, మార్కాపురం మూడు చోట్లా నర్సింగ్ హోములు ఉండేవి. గిద్దలూరులో మందుల గది తాళాలు ఆయన తల్లి బొడ్లో ఉండేవి. ఆమెను అందరమూ అవ్వ అనేవాళ్లం. సేద్యపు ఇంట్లో పుట్టి, పెద్ద సంసారం ఈది వచ్చిన మనిషి. బియ్యం డబ్బా ఎప్పుడూ అడుగంటా ఊడ్చనిచ్చేది కాదు, గుప్పెడు గింజలు వదలాల్సిందే. ఇంట్లో గానీ మందుల గదిలో గానీ 'లేదు' అనే మాట ఆమె నోట రాకూడదు, ఎదుటివాళ్ల నోట వినకూడదు. దూది అయిపోయినా "తెప్పించాల" అనేది తప్ప లేదనేది కాదు. ఇది ఒక్క అవ్వ పట్టింపు కాదు. మా అమ్మ కూడా అంతే, మా వైపు ఆడవాళ్లు చాలామంది అంతే.

వేరుశనగ పీకే రోజుల్లో, చొప్ప వాములు కదిలించే రోజుల్లో మా వైపు పాము కాట్లు ఎక్కువ. విరుగుడు మందు చిన్న సీసాల్లో వచ్చేది. ఫ్రిజ్జులో దాచాలి, ఒక మనిషికే చాలా సీసాలు పడతాయి, అడిగినన్ని దొరకవు. అందుకని ఆ మూడు ఆస్పత్రుల్లో ఒక పద్ధతి ఉండేది. గిద్దలూరులో సీసాలు చాలకపోతే, ఉన్నవి ఎక్కించి, మనిషిని జీపులో వేసి కంభం దారి పట్టించేవాళ్లు. వెంటనే కంభానికో మార్కాపురానికో, లైను దొరికిన ఊరికి ఫోన్ కొట్టి "ఎదురు పంపండి" అనేవాళ్లు. ఇంకో మాట అక్కర్లేదు. అక్కడి నర్సు ఐసు ఫ్లాస్కులో సీసాలు పెట్టుకుని జీపు ఎక్కేది. రెండు జీపులు దారిలో ఎక్కడ కలిస్తే అక్కడే, చింత చెట్టు కిందో కల్వర్టు మీదో, కొమ్మకు సెలైను బుడ్డి కట్టి మందు ఎక్కించేవాళ్లు. చాలాసార్లు ఎదురు జీపు ఊరికే తిరిగి వచ్చేది. కంభంలోనే మందు దొరికి ఉండేది, లేదా కరిచింది విషం లేని పాము అయ్యుండేది. ఈ వృథా తిరుగుళ్లకు డాక్టరు గారు విసిగిపోయాడు. "ఏ ఊర్లో ఎన్ని సీసాలు ఉన్నాయో మూడు చోట్లా కనబడేటట్టు చెయ్యగలవా కేశవులూ?" అని బావను అడిగాడు. బావ ముఖం వెలిగిపోయింది. బిల్లులు కొట్టే మనిషికి అట్లాంటి పని అప్పగించినవాళ్లు అంతకుముందు లేరు.

కంప్యూటరు ముట్టుకోకముందు బావ మార్కాపురం నుంచి మూడు రాతి పలకలు తెప్పించాడు. ఒకటి వరండాలో తన దగ్గర, ఒకటి లోపలి గదిలో నా దగ్గర, ఒకటి వంటింట్లో అక్క దగ్గర. ఒక్కొక్కరం ఒక్కొక్క ఊరు. ఎవరి ఊరి లెక్క వాళ్లే మార్చాలి, మారిన ప్రతిసారీ మిగతా ఇద్దరికీ చీటీ పంపాలి, వాళ్లు ఆ అంకెను తమ పలక మీద వేసుకోవాలి. చీటీలు మోసేవాళ్లు కావలసి వచ్చారు. సరిగ్గా అప్పుడే పాలు పోయడానికి ఓబులక్క వచ్చింది. ఊరి బయట గొర్రెల వాళ్ల ఇళ్లలో ఉండేది. మొగుడు లింగయ్య మంద తోలుకుని అడవి అంచుకు పోతే, ఇల్లూ రెండు బర్రెలూ ఆమే చూసుకునేది. నవ్వకుండా మాట్లాడడం ఆమెకు చేతకాదు.

"ఏంది కేశవన్నా, గడ్డాలు మొలిచినాక పలకా బలపం పట్టినారే?"

"మిషన్లకు మాటలు నేర్పిస్తా ఉన్నా. ఈ చీటీ వంటింట్లో ఇచ్చిరా. ఇప్పుడు నువ్వే టెలిఫోన్ లైను."

"నేను లైనా? అయితే నాకు బిల్లు కట్టాల మరి. కట్టకపోతే మధ్యలో కోసేస్తా."

చీటీ తీసుకుని వంటింట్లోకి వెళ్లి, బర్రె సరిగ్గా మేయడం లేదన్న సంగతి అక్కకు చెబుతూ, చీటీ రొండిలో దోపుకుని మరిచిపోయింది. బావ లెక్క మళ్లీ మారింది. ఆయన ఇంకో చీటీ రాసి నా చేత పంపాడు. నేను ఇచ్చి వచ్చాక ఓబులక్కకు రొండిలోది గుర్తొచ్చింది. "అయ్యో, ఇది ఉండిపోయిందే" అని ఇచ్చింది. అక్క కొత్త అంకె తుడిచి పాత అంకె వేసుకుంది. బావ వచ్చి పలక చూసి ఎగిరి గంతేశాడు. ముందు పంపిన మాట వెనక చేరితే యంత్రం పాతదాన్నే కొత్తదనుకుంటుంది. అందుకని ప్రతి చీటీకీ వరస సంఖ్య ఉండాలి, చిన్న సంఖ్య తర్వాత వస్తే పారేయాలి. అట్ట లేని పుస్తకంలో ఈ సంగతికి ఒక అధ్యాయం ఉంది. ఓబులక్క దాన్ని పాల చెంబు దించేలోపు చూపించింది. "పెద్ద పాఠం చెప్పినావక్కా" అన్నాడు బావ. "అయితే రేపటి నుంచి బర్రెలు నువ్వు పితుకు, పాఠాలు నేను చెప్తా" అంది.

కొన్ని నెలలకు మూడు ఊళ్లలో మూడు కంప్యూటర్లు వచ్చాయి. మోడెము అనే చిన్న పెట్టెతో టెలిఫోన్ లైను మీద ఒకదానికొకటి డయలు చేసుకునేవి. అది కలిసేటప్పుడు వచ్చే కీచు శబ్దం కోసం బావ చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. తెర మీద మూడు గడులు, మూడు ఊళ్ల పేర్లు, మూడు అంకెలు. పక్క ఊరి నుంచి కొంతసేపు కబురు రాకపోతే ఆ గడి ఖాళీ అయిపోవాలని బావే మొదట రాశాడు. తెలియనిది తెలిసినట్టు చూపించకూడదని మేమిద్దరం అనుకుని పెట్టుకున్న నియమం అది. అది మూడో రోజుకే అవ్వ కంట్లో పడింది.

"కంభం కాడ ఏమీ రాయలేదేందిరా?"

"లైను పోయింది అవ్వా. అక్కడ ఎన్ని ఉన్నాయో మనకు తెలవదు. అందుకే ఖాళీ."

"తెలవకపోతే పొద్దున ఎన్ని ఉన్నాయో అదే ఉంచు. మందుల గదిలో ఖాళీ గడి పెట్టుకుంటారా ఎవురన్నా? పిల్లోణ్ణి చేతుల మీద వేసుకుని వచ్చిన తల్లి దాన్ని చూస్తే ఏమైపోతాది?"

నేను పుస్తకం మాట ఎత్తాను. బావ చేయి విసిరాడు. "నీ పుస్తకం రాసినాయన గిద్దలూరు లైను చూసినాడా బామ్మర్దీ?" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. గాలి వీచినా లైను పోయేది, చినుకు పడినా పోయేది. రోజులో సగం గడులు ఖాళీగా ఉంటే ఆ తెర వంక చూసేవాళ్లే లేకుండా పోయారు. అంకె పక్కన, కబురు వచ్చిన గంట చూపిద్దామని బావ ఒక ప్రయత్నం చేశాడు. నర్సులు గంటను కూడా సీసాల లెక్క అనుకుని గాభరా పడ్డారు. చివరికి గంట తీసేశాడు. కబురు రాకపోతే పాత అంకె అట్లాగే నిలిచేటట్టు మార్చాడు. అవ్వ తృప్తిగా చూసి, ఇప్పుడు గది నిండుగా ఉంది అంది.

ఆ తర్వాత పని హాయిగా సాగింది. అదే మమ్మల్ని చెడగొట్టింది. తెర మీద అంకె చూసి జీపు పంపేవాళ్లు, వెళ్లినచోట మందు ఉండేది. ఫోన్ కొట్టే అలవాటు మెల్లగా పోయింది. ఎదురు పంపడం ఇక మొరటు పద్ధతి అనిపించింది. పక్క ఊళ్ల డాక్టర్లు వచ్చి తెర చూసి వెళ్లేవాళ్లు. బావ ఆ రోజుల్లో ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు.

ఓబులక్కను జీపు ఎక్కించిన రోజు మధ్యాహ్నం ఎండ బాగా ఉంది. బర్రెలకని వామిలోంచి చొప్ప లాగుతుంటే చేతి మీద నాగుబాము కాటేసింది. లింగయ్య ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు, ఆటోలో వేసుకుని పరుగున తెచ్చాడు. మొదట ఆమె మాట్లాడుతూనే ఉంది. "అక్కా, బర్రె పితికే వేళ అవుతాది, ఎవురికన్నా చెప్పు" అని మా అక్కతో అంది. కాసేపటికి రెప్పలు వాలసాగాయి. ఎంత ప్రయత్నించినా కళ్లు పూర్తిగా తెరవలేకపోయింది. ముందు రోజే ఇంకొకరికి వాడడంతో ఫ్రిజ్జులో కొన్ని సీసాలే మిగిలాయి. అవన్నీ ఎక్కించారు, అవి చాలవు. డాక్టరు గారు తల తిప్పి "కంభంలో?" అన్నాడు. బావ తెర చూసి గట్టిగా చెప్పాడు. "పది ఉన్నాయి సార్." పొద్దున్నుంచి కంభం లైను లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఫోన్ కొట్టి చూశారు, కలవలేదు. అయినా గడిలో పది కనబడుతోంది గదా. మార్కాపురం లైను బాగానే ఉంది. అక్కడి ఫ్రిజ్జు నిండా సీసాలు ఉన్నాయి. ఆ ఊరికి ఒక్క ఫోన్ కొట్టి ఎదురు పంపమనాలని ఎవరికీ తోచలేదు. తోచాల్సిన అవసరమే లేకుండా చేసింది తెర.

సెలైను బుడ్డి పైకెత్తి పట్టుకుని నేను జీపులో కూర్చున్నాను. ఓబులక్క తల లింగయ్య ఒడిలో ఉంది. కంభం చేరేసరికి ఆమె ఊపిరి చప్పుడు మారిపోయింది. అక్కడి నర్సు మమ్మల్ని చూసి వాకిట్లోనే ఆగిపోయింది. "పొద్దున చెరువు కింద పొలాల్లో ఇద్దరిని కరిసినాయన్నా. ఇద్దరికీ ఎక్కించినాం. ఒక్కటి కూడా మిగల్లేదు" అంది. లోపల కంప్యూటరు తన గడిలో సున్న వేసుకుని గిద్దలూరుకు డయలు చేస్తోంది, కలవక మళ్లీ చేస్తోంది. అది చేయాల్సిన పని అది తప్పకుండా చేస్తూనే ఉంది. మేము మార్కాపురం వైపు సాగిపోయాం. దారి మధ్యలో ఉండే తర్లుపాడు ఇంకా రాలేదు. లింగయ్య డ్రైవరు భుజం తట్టాడు. "ఇంక నిదానంగా పో నాయనా. తొందరేం లేదు" అన్నాడు.

నేను ఇప్పుడు మార్కాపురంలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెప్పుకుంటూ, అడిగినవాళ్లకు ప్రోగ్రాములు రాసి పెడుతూ బతుకుతున్నాను. ఎక్కడెక్కడో ఉన్న వేల యంత్రాలు కలిసి నడిపే తెర ఇప్పుడు అందరి జేబులోనూ ఉంది. లైన్లు అంతగా పోవు. గోడ మీద మూడు పలకలు గీసి పిల్లలకు చెబుతాను, వాళ్లు మర్యాదగా వింటారు. రేషన్ వచ్చిందో లేదో, బస్సు ఎక్కడుందో, అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందో ఫోనే చెబుతుంది. పోయిన ఏడు మా వీధిలో ఒకాయన గుండె నొప్పితో పడిపోతే, అంబులెన్సు చుక్క తెర మీద దగ్గర్లోనే కనబడింది. అందరం ఆ చుక్కను చూస్తూ నిలబడ్డాం. అది కదలడం లేదని నేనే అరిచి ఆటో పిలిపించాను. ఆయన బతికాడు. ఆ మాట బావకు చెబితే తల ఊపి, జిరాక్సు మిషన్‌లో కాగితాలు సర్దుకున్నాడు. ఆనాడు మాకు చేతకాలేదని, ఇప్పటి పిల్లలకు అన్నీ తెలుసని అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. యంత్రాలు బాగుపడ్డాయి, అది నిజం. తెలియదు అని చెప్పే తెరను మాత్రం ఇప్పటికీ ఎవరూ కొనరు. ఖాళీ గడి చూపించే ప్రోగ్రాము రాసి ఇస్తే, ఇది పాడైనట్టుంది, సరిచేయండి అని నాకే తిప్పి పంపుతారు.

ఆ సంఘటన తర్వాత బావ గడిని మళ్లీ ఖాళీ అయ్యేలా మార్చాడు, వారం తిరగకుండా ఉద్యోగం మానేశాడు. డాక్టరు గారు వద్దని బతిమాలాడు. అవ్వ మందుల గది తాళాలు కొడుకు చేతికిచ్చి ఇంట్లోనే ఉండిపోయింది. ఎదురు పంపే పద్ధతి మాత్రం తిరిగి రాలేదు. అప్పటికే మార్కాపురం జీపును వేరే పనికి మళ్లించేశారు. ఓబులక్క విషయంలో ఎవరూ ఎవరినీ నిందించలేదు. నిందిస్తే బావ ఏదో ఒక జవాబు వెతుక్కునేవాడేమో.

బావ ఆ గడిని ఇంకా మార్చకముందు, ఓబులక్కను పూడ్చిపెట్టిన మర్నాడు పొద్దున్నే లింగయ్య పాల చెంబుతో వచ్చాడు. బర్రెలు పాలివ్వకుండా ఆగవు గదా. అక్క గిన్నె తీసుకుని వాకిట్లోకి వచ్చింది. ఆయన చెంబు అరుగు మీద పెట్టి బావ వైపు తిరిగాడు.

"కంభంలో మందు ఉందని చెప్పిన మిషన్ ఏది? ఒక తూరి చూపిస్తావా కేశవా?"

బావ లోపలికి తీసుకెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. లైను ఇంకా రాలేదు. కంభం గడిలో పది అట్లాగే ఉంది. లింగయ్య చదువుకోలేదు, అంకెలు తెలుసు. దగ్గరికి వంగి చూశాడు.

"పది గదా ఇది. ఇప్పుడు కూడా ఉన్నట్టేనా అక్కడ?"

"లేవు మామా. కబురు అందలేదు దీనికి" అన్నాడు బావ.

లింగయ్య ముందున్న బల్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి మోడెము కీచుమంది. లైను వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి, ఆగిపోయిన కబుర్లన్నీ వరసగా వచ్చి పడ్డాయి. పది పోయి సున్న అయింది. లింగయ్య దాని వంకే చూస్తున్నాడు.

"ఇప్పుడు తెలిసిందా దీనికి?"

"ఇప్పుడే తెలిసింది మామా."

"నాకు తర్లుపాడుకు ముందే తెలిసె."

అని లేచి బయటికి వచ్చాడు. అక్క గిన్నెలో కొలత ప్రకారం పాలు పోశాడు. ఓబులక్క రోజూ పోసేటట్టే పైన కొసరు కూడా పోసి, చెంబు కడుక్కుని వెళ్లిపోయాడు.